అరబ్బు నగరాలనూ సముద్రాలనూ ఏ వైపు నుంచి చూడాలి? మస్కట్ తీరం నుంచి ఒక సమాధానం

విజయవాడ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. జనవరిలో ఏడు రోజుల సెలవు దొరికింది. వెంట అరవై ఐదు దాటిన అమ్మానాన్నలు, పదకొండేళ్ళ కొడుకు ఉంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. అరబ్బు దేశాలు చూసి వచ్చిన బంధువుల్లో కొందరు "అద్దాల మేడలు, మాల్స్ తప్ప ఏమీ లేవు, ఒక ఊరు చూస్తే అన్నీ చూసినట్లే" అన్నారట. మరికొందరు "ఆ సముద్రం ఇంకా కళ్ళల్లోనే ఉంది" అన్నారట. ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి, అంత ఖర్చు పెట్టి వెళ్ళదగినదేనా, వెళితే ఏయే ఊళ్ళు చూడాలి అని ఆమె అడిగారు.

తప్పకుండా వెళ్ళండి. ఏడు రోజుల్లో రెండు రోజులు దుబాయికి, అయిదు రోజులు ఒమన్‌లో మస్కట్ నుంచి సూర్ మీదుగా తాబేళ్ళు గుడ్లు పెట్టే రాస్ అల్ జిన్జ్ వరకు ఉన్న తీరానికి ఇవ్వండి. మీ బంధువులు చెప్పిన రెండు మాటలూ నిజమే. మొదటివారు ఆ నగరాలను రోడ్డు వైపు నుంచి, మధ్యాహ్నపు వేళల్లో చూసి ఉంటారు. రెండోవారు నీటి వైపు నుంచి, ఉదయమో సాయంత్రమో చూసి ఉంటారు. ఈ నగరాల్లో ఎక్కువ భాగం ఓడరేవులుగా పుట్టినవే కనుక, రేవు వైపు నుంచి చూసినవారికే అవి తమ అసలు ముఖం చూపిస్తాయి.

నేను పదహారేళ్ళుగా మస్కట్‌లో ఉంటున్నాను. మొదటి ఆరేళ్ళు సరుకుల రవాణా లెక్కలు చూసే పనిలో ఉన్నాను. తరువాతి పదేళ్ళు మన దేశం నుంచి వచ్చే కుటుంబాలకు వాహనాలు, పడవలు, బస ఏర్పాటు చేసే పనిలో గడిచాయి. తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయానికి తీసుకువెళుతూ "మీకు ఏది బాగా గుర్తుండిపోయింది?" అని అడగడం నాకు అలవాటు. ఎత్తయిన మేడ పేరు చెప్పినవారు చాలా తక్కువ. తెల్లవారుజామున చూసిన చేపల బజారు, కొండ కింద ముదురు నీలంగా కనిపించిన నీరు, దారిలో పిలిచి కాఫీ, ఖర్జూరం పెట్టిన ముసలాయన, ఇవే పదే పదే వినిపిస్తాయి. నా సలహా అంతా ఆ జవాబుల మీదనే నిలబడి ఉంది.

ముందుగా దుబాయి సంగతి. ఎత్తయిన మేడ ఎక్కాలని మీ అబ్బాయి అడిగితే ఒక సాయంత్రం దానికి ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు. అయితే ఒక పూట మాత్రం తప్పనిసరిగా క్రీక్ దగ్గర గడపండి. క్రీక్ అంటే సముద్రం ఊరిలోకి చొచ్చుకువచ్చిన పాయ. దుబాయి ఆ పాయకు రెండు ఒడ్డులా పెరిగిన ఊరు. ముత్యాల వేట, సరుకుల వ్యాపారం దాని పాత జీవనాధారాలు. ఇసుక పేరుకుపోయి ఓడలు రావడం కష్టమైనప్పుడు దుబాయి పాలకుడు షేక్ రాషిద్ కాలంలో, 1961 నాటికి, ఆ పాయను తవ్వించి లోతు చేశారు. చమురు దొరికింది ఆ తరువాత, 1966లో. ఈ వరుస మనసులో పెట్టుకుని చూస్తే దుబాయి మీద మన అభిప్రాయమే మారుతుంది. దేరా ఒడ్డు నుంచి బర్ దుబాయి ఒడ్డుకు అబ్రా అనే చెక్క పడవలు తిరుగుతూనే ఉంటాయి. ఒక్క దిర్హము ఇస్తే అవతలి ఒడ్డుకు చేరుస్తారు. పక్కనే ధౌ అనే చెక్క సరుకు ఓడల్లోకి ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు ఎక్కిస్తూ కనిపిస్తారు. అవతలి ఒడ్డున అల్ ఫహీదీ పేటలో గాలిని పట్టి ఇంట్లోకి దింపే బర్జీల్ గోపురాలు ఉన్న పాత ఇళ్ళు ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే దాకా ఆ ప్రాంతంలోనే ఉండండి. దుబాయిలో నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే.

ఇక సముద్రాల విషయం. దీని గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "అరేబియా సముద్రం" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గాని, ఆ ద్వీపకల్పం చుట్టూ వేర్వేరు స్వభావాలు గల నీళ్ళు ఉన్నాయి. దుబాయి, దోహా, బహ్రెయిన్, కువైట్ ఉన్నది పర్షియన్ గల్ఫ్ మీద. అరబ్బులు దాన్ని అరేబియన్ గల్ఫ్ అంటారు. అది లోతు చాలా తక్కువైన సముద్రం, సగటు లోతు 35 మీటర్లే, అంటే పదంతస్తుల మేడ మునిగేంత. అందువల్ల నీరు లేత ఆకుపచ్చ కలిసిన నీలంగా, అడుగున ఇసుక మెరుస్తూ కనిపిస్తుంది. ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ, వచ్చి కలిసే నదులు తక్కువ కాబట్టి ఉప్పదనం కూడా ఎక్కువ. కృష్ణా గోదావరుల మంచినీరు కలిసే మన బంగాళాఖాతంలో స్నానం చేసినవారికి ఈ తేడా మొదటి మునకలోనే తెలుస్తుంది. కళ్ళు మండుతాయి, శరీరం తేలికగా తేలుతుంది.

మస్కట్ ఉన్నది ఒమన్ సముద్రం మీద. దాని లోతు కొన్ని చోట్ల 3000 మీటర్లు దాటుతుంది. మస్కట్ దగ్గర కొండ నేరుగా నీటిలోకి దిగుతుంది, ఒడ్డు విడిచిన కొద్దిసేపటికే లోతు పెరుగుతుంది, అందుకే ఆ ముదురు నీలం. సూర్ దాటి రాస్ అల్ హద్ మలుపు తిరిగితే అసలైన అరేబియా సముద్రం మొదలవుతుంది. అక్కడి అలల చప్పుడే వేరు. జెద్దా ఉన్న ఎర్ర సముద్రం మళ్ళీ మరో లోకం, దాని ఒడ్డున పగడపు దిబ్బలు ఉన్నాయి. జెద్దా పాతబస్తీ అల్ బలద్‌లోని ఇళ్ళను ఆ పగడపు రాతితోనే కట్టారు. ఉమ్రాకు వెళ్ళేవారు ఆ పేటలో ఒక సాయంత్రం నడిస్తే మంచిదని నా అభిప్రాయం. దాన్ని 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

సూర్యోదయం కావాలో, సూర్యాస్తమయం కావాలో ముందే నిర్ణయించుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నా అతిథుల్లో ఎక్కువమంది నిరాశపడింది దీని దగ్గరే. అరేబియా అనగానే సముద్రంలో సూర్యుడు మునిగే దృశ్యం ఊహించుకుని మస్కట్ వస్తారు. మస్కట్ తీరం ఉత్తర, ఈశాన్య దిక్కులకు తిరిగి ఉంది. సూర్యుడు సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. మచిలీపట్నంలో, విశాఖలో మాదిరిగానే ఇక్కడ కూడా సముద్రం మీది వెలుగు ఉదయానిదే. సముద్రంలో అస్తమయం చూడాలంటే దుబాయిలో జుమేరా తీరం, సౌదీలో జెద్దా తీరం సరైనవి. దోహా మళ్ళీ తూర్పు తీరపు ఊరు. మీరు అస్తమయాన్ని దుబాయిలో, ఉదయాలను ఒమన్‌లో చూసేలా ఏర్పాటు చేసుకుంటే ఏ బాధా ఉండదు.

దుబాయి నుంచి మస్కట్‌కు విమానంలో గంట ప్రయాణం. రోడ్డున సుమారు 450 కిలోమీటర్లు, సరిహద్దు దగ్గర నిలిచే సమయం అదనం. పెద్దలు ఉన్నారు కాబట్టి విమానమే మేలు. తిరుగు ప్రయాణం మస్కట్ నుంచి నేరుగా హైదరాబాదుకు పెట్టుకోండి.

మస్కట్‌లో దిగగానే మీ నాన్నగారు బహుశా అడిగే ప్రశ్న, ఈ కొండలు ఇంత నల్లగా, గడ్డిపోచ కూడా లేకుండా ఎందుకున్నాయి అని. దాదాపు ప్రతి కుటుంబంలోనూ పెద్దలు అడిగారు. ఆ రాయి సముద్రపు అడుగున పుట్టింది. సుమారు 9.5 కోట్ల ఏళ్ళ క్రితం మహాసముద్రం కింద ఏర్పడిన పొర, భూఫలకాల ఒత్తిడికి ఖండం మీదికి ఎక్కి కూర్చుంది. సముద్రపు అడుగును పొడి కాళ్ళతో నడిచి చూడగలిగిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ, వాటిలో ఒమన్ కొండలు పేరుపడ్డవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ కొండలను చూడటానికే దూరదేశాల నుంచి వస్తారు. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి, అతను తప్పకుండా ఒక రాయి చేతిలోకి తీసుకుని చూస్తాడు.

మస్కట్‌లోని మత్రా రేవును రెండుసార్లు చూడండి, ఒకసారి తెల్లవారాక, మరోసారి దీపాలు పెట్టే వేళ. ఉదయం ఆరున్నరకు చేపల బజారుకు వెళితే అప్పుడే దిగిన తూర చేపలు, వంజరాలు బల్లల మీద పరిచి ఉంటాయి. వంజరాన్ని అక్కడ కనద్ అంటారు. 2017లో కట్టిన కొత్త భవనం కాబట్టి శుభ్రంగా ఉంటుంది, పెద్దలు ఇబ్బంది పడరు. సూక్, అంటే అక్కడి పాత బజారు, మాత్రం సాయంత్రానిది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా దుకాణాలు మూసి ఉంటాయి, శుక్రవారం ఉదయం కూడా అంతే. ఆ వేళల్లో వెళ్ళి "ఏమీ లేదు" అని వెనక్కి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. సాయంత్రం ఆ సన్నని సందుల్లో లుబాన్ పొగ వాసన అలముకుని ఉంటుంది. మనం సాంబ్రాణి అనే మాటను అనేక రకాల బంకలకు వాడతాం గాని, ఇది దక్షిణ ఒమన్‌లోని ధోఫార్ కొండల చెట్ల నుంచి గాటు పెట్టి తీసిన బంక. తెల్లగా, కొంచెం ఆకుపచ్చ ఛాయతో ఉన్న హోజరీ రకాన్ని మేలైనదిగా లెక్కిస్తారు. కొద్దిగా కొని అమ్మగారికి ఇవ్వండి, ఇంట్లో పూజకు వేసినప్పుడు ఆ తేడా ఆవిడే చెబుతారు.

పాత మస్కట్ రేవుకు రెండు పక్కలా జలాలీ, మిరానీ కోటలు ఉన్నాయి. పోర్చుగీసులు 1507లో ఈ ఊరిని కొల్లగొట్టి, 1580ల చివర ఆ కోటలను ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. 1650లో ఒమనీలు వారిని వెళ్ళగొట్టారు. రేవు చుట్టూ ఉన్న బండల మీద పూర్వం వచ్చిపోయిన ఓడల పేర్లు తెల్ల రంగుతో రాసి ఉంటాయి. నావికులు తాము వచ్చినట్లు గుర్తుగా రాసిపోయినవి అవి. దారిలో ఆగి ఓపికగా చదవండి. ఇంకొక ముచ్చట కూడా మీ నాన్నగారికి నచ్చుతుంది. మన రిజర్వు బ్యాంకు 1959 నుంచి ఈ తీరాల కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి ముద్రించింది, ఒమన్‌లో అది 1970 వరకు చెల్లింది. నేటికీ ఒమనీ రియాల్‌లో వెయ్యో వంతును బైసా అంటారు, అది మన పైసాయే.

మస్కట్‌లోని గ్రాండ్ మసీదును ఇతర మతస్థులకు శుక్రవారం తప్ప మిగిలిన రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకు చూపుతారు. స్త్రీలు తల, చేతులు, కాళ్ళు పూర్తిగా కప్పుకోవాలి. చుడీదారు మీద నిండుగా చున్నీ ఉంటే సరిపోతుంది. లోపల పరిచిన తివాచీ బరువు 21 టన్నులు, ఇరాన్‌లో నాలుగేళ్ళ పాటు వందలాది స్త్రీలు నేసినది. ఎనిమిదికే వెళితే ఆ నిశ్శబ్దం దొరుకుతుంది, తొమ్మిదిన్నరకు ఓడ యాత్రికుల బస్సులు వస్తాయి.

పడవ ఎక్కేది ఉదయమే, ఎనిమిది దాటనివ్వకండి. ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్న పాఠం. ఈ పనిలోకి వచ్చిన మొదటి సంవత్సరం, రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని మధ్యాహ్నం మూడు గంటల పడవకు పంపాను. మధ్యాహ్నం దాటాక నేల వేడెక్కి సముద్రం మీది గాలి ఒడ్డుకు వీచడం మొదలవుతుంది, అలలు లేస్తాయి. ఆ కుటుంబంలోని పెద్దావిడ గంటన్నర సేపు వాంతులతో తల్లడిల్లిపోయారు. మిగిలిన రెండు రోజులు ఆవిడ సముద్రం వైపు చూడటానికి కూడా ఇష్టపడలేదు. ఎంతో ఆశతో వచ్చిన ఆ తల్లికి సముద్రాన్ని దూరం చేసింది నా అజాగ్రత్తేనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి పెద్దలున్న కుటుంబాలను ఉదయం తప్ప మరో వేళ పంపలేదు. జనవరి ఉదయాల్లో మస్కట్ ముందున్న నీరు చాలా రోజులు చెరువులా ఉంటుంది. డాల్ఫిన్లు గుంపులుగా కనిపించే వేళ కూడా అదే. గాలిలోకి ఎగిరి గిరగిర తిరిగే రకం అక్కడ ఎక్కువ.

అబ్బాయికి ఈత వస్తే దైమానియత్ దీవుల దగ్గర పగడాల మీదుగా ఈదడం ఒక జ్ఞాపకంగా మిగులుతుంది. అది సంరక్షిత ప్రాంతం. తాబేళ్ళు గుడ్లు పెట్టే మే నుంచి అక్టోబరు వరకు దీవుల మీద కాలు పెట్టనివ్వరు, జనవరిలో ఆ అడ్డు ఉండదు. పెద్దలను మాత్రం ఆ పడవ ఎక్కించవద్దు, వేగంగా వెళ్ళే చిన్న పడవలు మోకాళ్ళను, నడుమును కుదిపేస్తాయి.

మస్కట్ నుంచి సూర్ వరకు తీరపు రహదారి సుమారు 200 కిలోమీటర్లు. ఈ దారిని రెండున్నర గంటల్లో దాటేయకుండా ఒక పూర్తి పగలు దీనికి ఇవ్వండి. మధ్యలో బిమ్మా దగ్గర నేల కుంగి ఏర్పడిన పచ్చని నీటి గుంట ఉంది, మెట్లు దిగాలి కాబట్టి నాన్నగారు పైనుంచే చూడటం మంచిది. వాదీ షాబ్‌లో లోపలి దాకా నడక కష్టం, దాన్ని విడిచిపెట్టండి. వాదీ అంటే ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే కొండవాగు. వాన సూచన ఉన్న రోజున ఏ వాదీలోకీ దిగవద్దు. మన తల మీద ఆకాశం నిర్మలంగా ఉన్నా పై కొండల్లో పడిన వాన నిమిషాల్లో గోడలా వచ్చేస్తుంది. 2024 ఏప్రిల్ వరదల్లో పిల్లలతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. డ్రైవరు "ఏమీ కాదు" అన్నా సరే, మీరు ఒప్పుకోవద్దు.

సూర్ చేరడానికి ముందు ఖల్హాత్ శిథిలాలు వస్తాయి. ఒకప్పుడు గుర్రాలు ఓడలెక్కిన, సుగంధ ద్రవ్యాలు దిగిన మహా రేవు అది. 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సూర్‌లో దిగి, దగ్గరే కదా అని ఖల్హాత్‌కు కాలినడకన బయలుదేరి చాలా అవస్థపడ్డాడు. వెంట వచ్చిన దారి చూపేవాడు మోసం చేయబోయాడు, కాళ్ళు వాచిపోయాయి. అయితే అదే ఊరిలో తిన్న చేపను ఆయన ఎంతగానో మెచ్చుకున్నాడు. ఆకుల మీద కాల్చిన చేపను అన్నంతో పెట్టారని, ఆ బియ్యం హిందూ దేశం నుంచి వస్తుందని రాశాడు. ఏడు వందల ఏళ్ళ క్రితపు ఆ భోజనం మీకూ దొరుకుతుంది, సూర్ హోటళ్ళలో ఈనాటికీ కాల్చిన చేప, భారతదేశపు బియ్యమే వడ్డిస్తారు. పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ 1508లో ఖల్హాత్‌ను తగలబెట్టాడు. బీబీ మరియం సమాధి మందిరం ఒక్కటే నిలిచి కనిపిస్తుంది. ఖల్హాత్ 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పరిరక్షణ పనులను బట్టి లోపలికి అనుమతి మారుతుంటుంది, ముందుగా కనుక్కుని వెళ్ళండి.

ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ఊరు సూర్. పాయకు అటు ఇటు తెల్లటి ఇళ్ళు, దీపస్తంభం, ఒడ్డున ఓడలు కట్టే పాక. సూర్ ఓడలు శతాబ్దాల పాటు మలబారు టేకు తెచ్చుకుని, గుజరాతు రేవుల నుంచి జాంజిబార్ దాకా తిరిగాయి. ఇక్కడి మేస్త్రీలు కాగితం మీద పటం గీయకుండా, ముందు బయటి పలకలు అమర్చి తరువాత లోపల పక్కటెముకల్లాంటి కర్రలు బిగిస్తారు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ పాకలో కేరళ వడ్రంగులు కనిపించారు. కాకినాడ దగ్గర కోరంగి, తాళ్ళరేవులలో చెక్క ఓడలు కట్టిన చరిత్ర తెలిసినవారికి ఆ ఉలి చప్పుడు పరాయిగా అనిపించదు. 1951లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడను యెమెన్ నుంచి తిరిగి కొని తెచ్చి, ఒడ్డున నిలిపి ఉంచారు. తమ ఊరి చేతిపనిని పోనివ్వకూడదని ఊరివారు చందాలు వేసుకుని మరీ తెచ్చుకున్నారు, దాని ముందు నిలబడినప్పుడు నాకు ప్రతిసారీ గౌరవం కలుగుతుంది.

ఆ ఓడలు నడిచింది గాలుల లెక్క మీద. చలికాలపు ఈశాన్య గాలికి ఆఫ్రికా వైపు, తరువాత నైరుతి గాలికి తిరిగి ఇటు. అరబ్బీలో మౌసిమ్ అంటే కాలం, రుతువు. మాన్‌సూన్ అనే మాటకు మూలం అదే. మనం రుతుపవనం అన్నా వారు మౌసిమ్ అన్నా అర్థం ఒక్కటే. మచిలీపట్నం అద్దకపు బట్టలు పారశీక తీరానికి, ఎర్ర సముద్రపు రేవులకు చేరింది కూడా ఈ గాలుల మీదనే.

ఇదే నైరుతి గాలి వల్ల దక్షిణాన సలాలా జూన్ చివర నుంచి సెప్టెంబరు వరకు పచ్చబడుతుంది. గాలి తీరం వెంట వీస్తూ పైనీటిని దూరంగా నెడితే అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది, దాని మీదుగా వచ్చిన తేమ మంచుగా, తుంపరగా కొండలకు పడుతుంది. దారి పక్కన కొబ్బరి బొండాలు, అరటి గెలలు అమ్మే పాకలు చూసి మనవాళ్ళు కోనసీమ గుర్తొచ్చింది అంటారు. మీది జనవరి ప్రయాణం కనుక ఇప్పుడు దానికి వెళ్ళవద్దు, మరో ఆషాఢంలో వెళ్ళండి. ఒమన్ ఉత్తర కొసన ముసందంలో ఖసబ్ దగ్గర కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయలు కూడా చాలా అందమైనవి. కానీ చలికాలంలో షమాల్ అనే ఉత్తరపు గాలి పట్టుకుంటే రోజుల తరబడి పడవలు కదలవు. పైగా అది హోర్ముజ్ జలసంధి ప్రాంతం, అప్పటి పరిస్థితుల గురించి మన ప్రభుత్వం ఇచ్చే సూచనలు చూడకుండా టికెట్లు కొనవద్దు. ఏడు రోజుల్లో ఇది ఇమడదు.

మనుషుల గురించి కొన్ని మాటలు. ఒమనీలు నెమ్మదిగా మాట్లాడతారు, పలకరింపు పూర్తి కాకుండా పని మాట ఎత్తరు. కాఫీ ఇస్తే కుడి చేత్తో తీసుకోండి, చాలనుకున్నప్పుడు చిన్న కప్పును అటు ఇటు ఊపి ఇవ్వండి. ఊపకపోతే నింపుతూనే ఉంటారు. స్త్రీల ఫొటోలు ఎంతమాత్రం తీయవద్దు, పురుషులనైనా అడిగి తీయండి.

మస్కట్‌లో రువీ పేట వైపు శుక్రవారం సాయంత్రం వెళితే తెలుగు వినిపిస్తుంది. నిజామాబాదు, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పనివారు అక్కడ కలుసుకుంటారు. వారిని దృశ్యంగా చూడకండి, ఊరి పేరు అడిగి రెండు నిమిషాలు మాట్లాడండి. కొన్నేళ్ళ క్రితం జగిత్యాల వైపు నుంచి ఒక పెద్దాయన చిన్న కొడుకు కుటుంబంతో వచ్చారు. ఆయన పెద్ద కొడుకు ఇక్కడ తొమ్మిదేళ్ళు తాపీ పని చేసి ఇంటికి వెళ్ళాడు. "మావోడు ప్రతి శుక్రవారం సముద్రం కాడ కూసొని ఫోన్ చేసెటోడు, ఆ జాగ చూపియ్యి బిడ్డా" అని అడిగారాయన. మత్రా ఒడ్డున రాతి అరుగు మీద గంట సేపు మాట్లాడకుండా కూర్చున్నారు. మిగతా చోట్లు ఏవీ చూడనన్నారు. నేను ఏర్పాటు చేసిన ప్రయాణాల్లో ఒక యాత్రికుడు అంత పూర్తిగా చూసిన సముద్రం మరొకటి లేదు.

వంటింటి నుంచి బయలుదేరే ముందు ఒక హెచ్చరిక. గసగసాలు, గసగసాలు కలిసిన మసాలా పొడులు దుబాయికి తీసుకువెళ్ళవద్దు. అక్కడి చట్టంలో అవి మాదక ద్రవ్యాల కింద నిషిద్ధం, వంటకోసమే అని చెప్పినా చెల్లదు. నాన్నగారి మోకాళ్ళ నొప్పి మందుల్లో ట్రమడాల్, కోడీన్ వంటివి ఉంటే రెండు దేశాల నియమాలూ ముందుగా చూసి, అవసరమైన అనుమతితో, డాక్టరు చీటీతో తీసుకువెళ్ళండి. వీసా నిబంధనలు తరచు మారతాయి, ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలోనే చూడండి. రియాల్ విలువ దాదాపు 2.6 డాలర్లు, కాబట్టి ధర పలక మీద "3" అని చూసి చవక అనుకోకండి. శాకాహారులకు రువీలో మన భోజనం బాగా దొరుకుతుంది, సూర్ దాటాక కష్టం, ఆ రెండు పూటలకు ఏదైనా వెంట ఉంచుకోండి.

చివరిగా రాస్ అల్ జిన్జ్. పచ్చ తాబేళ్ళు తాము పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తాయి. సంవత్సరం పొడుగునా వస్తాయి గాని వేసవిలోనే ఎక్కువ, జనవరిలో ఒకటో రెండో కనిపించవచ్చు, కనిపించకపోనూ వచ్చు. ఈ మాట అబ్బాయికి ముందే చెప్పండి. విశాఖ తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కంటే ఇవి చాలా పెద్దవి. రాత్రి బృందం, తెల్లవారుజాము బృందం అని రెండు ఉంటాయి, ముందుగా పేర్లు ఇవ్వాలి. తెల్లవారుజాముది ఎంచుకోండి, రద్దీ తక్కువ, పని ముగించుకుని నీటిలోకి వెళ్ళే తాబేలును వెలుగులో చూసే అవకాశం ఉంటుంది. ఫోను వెలుగు కూడా వేయకూడదు, వెలుగుకు అవి దారి తప్పుతాయి.

తాబేళ్ళ సందర్శన కేంద్రం నుంచి తీరానికి చీకట్లో, ఇసుకలో దాదాపు కిలోమీటరు నడవాలి. మీ నాన్నగారు అది నడవలేకపోవచ్చు. మీరూ అబ్బాయీ తాబేళ్ళ దగ్గరికి వెళ్ళండి, పెద్దలిద్దరినీ డ్రైవరుతో రాస్ అల్ హద్ ఊరి తీరానికి పంపండి. అక్కడ కారు ఒడ్డు దగ్గర దాకా వెళుతుంది. మడత కుర్చీలు రెండు, ఫ్లాస్కులో టీ, భుజాలకు శాలువలు పెట్టి పంపండి. అరేబియా ద్వీపకల్పానికి దాదాపు తూర్పు కొస అది. జనవరిలో అక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక పైకి వస్తాడు, కాబట్టి ఆరింటికల్లా వారు ఆ ఒడ్డున కూర్చుని ఉండాలి.